తెల్లారేసరికి వేడెక్కిన ఇంజను

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ముప్పై ఏళ్ళు ప్రయోగశాలలో పనిచేసినవాణ్ణి. కొలతకు అందనిదాన్ని లెక్కలోకి తీసుకోకూడదని నేర్చుకున్నవాణ్ణి, పదిమందికి నేర్పినవాణ్ణి. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నన్ను ఆడిపోసుకోరు.

అసలు ఈ సంగతి రాయాల్సి రావడమే నాకు చిరాకు. మా బంధువుల్లో ఏ పెళ్ళి జరిగినా, భోజనాలయ్యాక ఎవరో ఒకరు మామయ్య కారులో దెయ్యం కథ ఎత్తుకుంటారు. ఒకరి కథలో తెల్లచీర ఉంటుంది. ఇంకొకరి కథలో ఎప్పుడో యాక్సిడెంటులో పోయిన డ్రైవరు ఉంటాడు. పోయిన నెల మా మేనల్లుడు నా ఎదురుగానే కూర్చుని, కారు దానంతటదే మౌలాలి గుట్ట దాకా వెళ్ళొచ్చేదని చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కారు దానంతటదే అంగుళం కూడా కదలలేదు. అసలు గొడవంతా అదే. ఇంతమంది ఇన్ని కథలు చెబుతారు గానీ, సత్తయ్య పేరు ఒక్కరికీ గుర్తు లేదు.

అరవైల చివర్లో మాట. ఉప్పల్ రోడ్డులో ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో గెజిటెడ్ ఆఫీసరుగా చేరి ఏడాదిన్నర అయింది. మాది తెనాలి వైపు. నాచారం ఊరి చివర రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. చుట్టూ జొన్నచేలు, వాటి మధ్య అక్కడక్కడా అప్పుడే లేస్తున్న ఫ్యాక్టరీ గోడలు. బస్సు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకని, రిటైరై సొంత ఊరికి వెళ్ళిపోతున్న ఒక పెద్దమనిషి దగ్గర పాత నల్ల కారు కొన్నాను.

దసరా దాకా అది బుద్ధిగా నడిచింది. కార్తీకం వెళ్ళి చలి ముదిరేసరికి దాని అసలు గుణం బయటపడింది. పొద్దున్నే సెల్ఫ్ కొడితే మూలుగుతుంది తప్ప లేవదు. చోక్ లాగితే పెట్రోలు ఎక్కువై ప్లగ్గులు తడిసిపోతాయి. వాటిని విప్పి, గరుకు కాగితంతో రుద్ది, పొయ్యి పక్కన ఆరబెట్టి మళ్ళీ బిగించేసరికి ఎనిమిదిన్నర. ఆ తర్వాత నలుగురు వచ్చి తోయాలి. తోసిన ప్రతివాడూ ఒక సలహా పారేసి పోతాడు. కారు లేనివాళ్ళకి కార్ల గురించి ఎంత తెలుసో ఆ చలికాలంలోనే నాకు అర్థమైంది.

ఆ అవస్థ తప్పించింది సత్తయ్య. మేమున్న ఇల్లు వాళ్ళ అన్నది, ఆ అన్న సికింద్రాబాదులో ఉండేవాడు. ఇంటి వెనక ఎడ్ల కొట్టం, దాన్ని ఆనుకుని ఉన్న ఒక గది మాత్రం సత్తయ్యవి. నలభై అయిదేళ్ళుంటాయి. పదేళ్ళు లారీ నడిపి, ఆ తర్వాత ఊళ్ళో సేద్యం చేసుకుంటుంటే, పొలం కాస్తా ఫ్యాక్టరీ కిందకు పోయింది. ఎడ్లను అమ్మేశాడు. ఖాళీగా ఉన్న కొట్టంలో నన్ను కారు పెట్టుకోమన్నాడు.

ఆయన పద్ధతి ఆయనకుంది. సాయంత్రం నేను కారు లోపల పెట్టగానే బానెట్ మీద తన గొర్రెబొచ్చు గొంగడి కప్పేవాడు. తెల్లారి అయిదున్నరకు లేచి, రేడియేటర్లో చల్లనీళ్ళు కిందికి వదిలేసి, కాగులో కాచిన వేడినీళ్ళు పోసేవాడు. పది నిమిషాలు ఆగి, నేను లోపల తాళం తిప్పాక, ముందు నుంచి హ్యాండిల్ వేసి రెండు చుట్లు తిప్పితే ఇంజను లేచేది. "బొటనేలు సుట్టూత పెట్టకున్రి సార్, ఎనుకకు తంతే మణికట్టు ఇరుగుతది" అని నాకూ నేర్పాడు.

జీతం ఇస్తానంటే వద్దన్నాడు. ఆయనకు కావలసింది ఒక కాగితం. పొలాలు పోయినవాళ్ళకు ఉద్యోగాలిస్తామని ఫ్యాక్టరీవాళ్ళు మాటిచ్చారు. సత్తయ్యకు డ్రైవరు పోస్టు అన్నారు. అయితే ఎవరైనా గెజిటెడ్ ఆఫీసరు, ఈ మనిషి నా బండి చూసుకున్నాడు, నమ్మకస్తుడు అని సంతకం చేసి ముద్ర వేసి ఇవ్వాలి. ఆ చుట్టుపక్కల కారూ ముద్రా రెండూ ఉన్నది నా ఒక్కడికే. సంక్రాంతి వెళ్ళగానే ఇస్తానని మాటిచ్చాను.

పుష్యమాసంలో ఒకరోజు, ఢిల్లీ నుంచి వచ్చే మా పై అధికారిని స్టేషన్లో కలవాల్సి వచ్చి నేనే పెందలాడే లేచాను. అయిదింకా కాలేదు. సత్తయ్య గది తలుపు వేసే ఉంది. పొయ్యి ఇంకా రాజేయలేదు. సరే, నీళ్ళు నేనే మారుద్దామని గొంగడి తీసి బానెట్ ఎత్తాను. వెచ్చటి ఆవిరి మొహానికి కొట్టింది. రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాను. అరగంట పైన నడిచిన ఇంజను ఎలా ఉంటుందో అలా ఉంది.

సెల్ఫ్ కొట్టగానే లేచింది. స్టేషన్ దాకా నా మనసులో ఒకటే మాట. రాత్రి నా కారు ఎవరో తిప్పారు. ఎవరో ఏమిటి, సత్తయ్య తిప్పాడు.

తిరిగి వచ్చి నిలదీశాను.

"నేనెందుకు తీస్త సార్? తాళం మీ తాన్నే ఉన్నది గద" అన్నాడు.

"మరి ఇంజను ఎందుకు కాలిపోతోంది?"

"అవ్ సార్. మూడు దినాల సంది గిట్లనే ఉంటున్నది. నాకు సుత సమజైతలేదు. మీకు జెప్పుదామనే అనుకున్న."

ఆ మాటతో అరికాలి మంట నెత్తికెక్కింది. పట్టుబడ్డాక చెప్పుదామనుకున్నా అంటాడా? నా చెవిలో పువ్వు కనిపిస్తోందా?

మర్నాటి నుంచి నేను ఆధారాలు సేకరించాను. ఇక్కడే నా తెలివి చూడండి. రాత్రి స్పీడోమీటర్ అంకె రాసుకున్నాను. పొద్దున్న చూస్తే అదే అంకె, ఇంజను మాత్రం వేడి. లారీ నడిపినవాడు కదా, మీటర్ కేబుల్ ఊడదీసి తిప్పుతున్నాడు అనుకున్నాను. పుల్ల ముంచి ట్యాంకులో పెట్రోలు కొలిచాను. తగ్గలేదు. తిప్పినంతా తిరిగి పోసి పెడుతున్నాడు, ఎంత ఘటికుడు అనుకున్నాను. కొట్టం ముందు మట్టి మీద టైరు గుర్తులు లేవు. చీపురుతో ఊడ్చేశాడు అనుకున్నాను. ఆ మనిషి తప్పు చేయలేదని చెప్పే ప్రతి ఆధారాన్నీ ఆయన మోసానికి రుజువుగా మార్చుకున్నాను. ప్రయోగశాలలో నా కింద కుర్రవాడెవడైనా అలా లెక్కలు రాసుకొస్తే కాగితం మొహాన కొట్టేవాణ్ణి.

మా ఆవిడ మాత్రం, "పొద్దున్నే చక్కగా స్టార్ట్ అవుతోందిగా, మీకొచ్చిన బాధేమిటి?" అంది. దానికీ కోపం వచ్చింది.

సంక్రాంతి వెళ్ళాక సత్తయ్య తెల్లకాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ఇవ్వనన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ వారంలోనే ఫ్యాక్టరీ ఆఫీసరు విచారించడానికి మనిషిని పంపాడు. అతనితో, రోజూ పొద్దున్నే ఇంజను వేడిగా ఉంటోంది, బండి అప్పగిస్తే రాత్రిళ్ళు సొంతానికి తిప్పుకునే రకం, ఆలోచించుకోండి అని చెప్పాను. ఎంత ధైర్యంగా చెప్పానో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

పోస్టు ఇంకొకరికి ఇచ్చారు. సత్తయ్య గొంగడి భుజాన వేసుకుని నాగారంలో కూతురింటికి వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు మా ఆవిడతో "పోయొస్త అమ్మా" అన్నాడట. నాతో ఒక్క ముక్క మాట్లాడలేదు. అదీ నాకు పొగరులాగే కనిపించింది.

ఆయన వెళ్ళిన మర్నాడు పొద్దున బానెట్ ఎత్తాను. గొంగడి లేదు, సత్తయ్య లేడు. ఇంజను వేడిగా ఉంది.

నేను భయపడలేదు. కోపంగా ఉంది. ఇంకెవడో నన్ను ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. మా ప్రయోగశాలలో రాతిపొడి నమూనాల సీసాలకు దారం చుట్టి, లక్క కరిగించి పోసి, దాని మీద ముద్ర వేస్తాం. ఎవరైనా మూత కదిలిస్తే లక్క పగిలి తెలిసిపోతుంది. ఆ రోజు సాయంత్రం కారుకు అదే పని చేశాను. బానెట్‌కీ నాలుగు తలుపులకూ దారాలు కట్టి లక్క ముద్రలు వేశాను. మా ఆవిడ దీపం పట్టుకుని పక్కనే నిలబడింది.

"ఈ పని సత్తయ్య ఉన్నప్పుడే ఎందుకు చేయలేదు?" అని అడిగింది.

గుప్పెడు రాతిపొడికి ఇచ్చిన మర్యాద నేను ఆ మనిషికి ఇవ్వలేదు. ఉన్న మాట అది.

పొద్దున ముద్రలు ఒక్కటీ చెదరలేదు. దారాలు నేనే కోసి, ప్రయోగశాల నుంచి తెచ్చిన థర్మామీటరు రేడియేటర్ నీళ్ళలో పెట్టాను. అరవై ఒకటి. బయట గాలి పన్నెండు డిగ్రీలు. మర్నాడు యాభై ఎనిమిది. ఆ మర్నాడు అరవై రెండు. అన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను.

నాలుగో సాయంత్రం బ్యాటరీ విప్పి ఇంట్లో మంచం కింద పెట్టాను. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి లోపలుండే రోటర్ ముక్కను నా జేబులో వేసుకున్నాను. అది లేకపోతే ఏ ఇంజనూ లేవదు, ఎవడి తాత వచ్చినా లేపలేడు. అయినా పొద్దున అరవై. కొట్టంలో పాత పేడ ఉంది, అది కుళ్ళి వేడి పుడుతోందేమోనని కారును తోయించి, ఇంటి ముందు ఆరుబయట మంచులో పెట్టాను. పైకప్పు మీద నీళ్ళు బొట్లు బొట్లుగా పేరుకున్నాయి. బానెట్ ఒక్కటే పొడిగా ఉంది. లోపల యాభై తొమ్మిది.

ప్రయోగశాలలో నా పక్క బల్ల దగ్గర కూర్చునే స్నేహితుణ్ణి ఒక తెల్లవారుజామున పిలిపించాను. తన థర్మామీటరు తానే తెచ్చుకున్నాడు. ముద్రలు చూశాడు. బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ చూశాడు. థర్మామీటరు పెట్టి, తీసి, తుడిచి మళ్ళీ పెట్టాడు. చివరికి "నేనిక్కడికి రాలేదనుకో" అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. ఇంత పిరికివాడేమిటని నేను మండిపడ్డాను.

ఆ ఆదివారమే నాగారం వెళ్ళాను. సత్తయ్య కూతురింటి వాకిట్లో కూర్చుని పలుపు పేనుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. ఆయన లేచి నిలబడినందుకు నాకు సిగ్గేసింది. ఉన్నదంతా చెప్పాను. ముద్రలు, బ్యాటరీ, రోటర్, అంకెలు, అన్నీ. నేను చేసింది తప్పని చెప్పాను.

"ఇప్పుడు సుత వేడైతున్నదా సార్?" అని అడిగాడు.

"అవుతోంది."

"అట్లయితే పొద్దుగాల సల్లనీళ్ళు పొయ్యకున్రి. గింత వేడిల సల్లనీళ్ళు వడితె ఇంజను బ్లాకు పలుగుతది. పాత బండి గదా, జర పైలం."

నన్ను తిట్టాల్సింది. నాలుగు మాటలని ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. ఈయన నా ఇంజను గురించి ఫికర్ పడుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పలుపు పక్కన పెట్టి, "ఫ్యాక్టరీల కొత్తోణ్ణి నెల దినాలు సూస్తమన్నరంట సార్. ఇంక ఖాయం జెయ్యలే. మీరు నాకు జెప్పిందే ఆఫీసర్ సాబుకు జెప్పున్రి. సాలు" అన్నాడు. తప్పకుండా చెబుతానన్నాను.

మర్నాడు ఇద్దరం ఫ్యాక్టరీకి వెళ్ళాం. ఆఫీసరు లేచి చెయ్యి కలిపి నాకు కుర్చీ చూపించాడు. సత్తయ్య గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నా సంచిలో నోట్‌బుక్కు ఉంది.

"ఈయన మీద నేను చెప్పింది తప్పు. ఈయన రాత్రిళ్ళు నా కారు తీయలేదు" అన్నాను.

"మంచిది. మరి ఎవరు తిప్పినట్టు?"

"ఎవరూ తిప్పలేదు."

ఆఫీసరు కలం కింద పెట్టాడు. "అదెలాగండీ? రోజూ పొద్దున్నే ఇంజను వేడిగా ఉంటోందని మీరే చెప్పి పంపించారు. వేడిగా ఉందా, లేదా?"

అంతే ప్రశ్న. సంచిలోంచి నోట్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టాలి, ఉంది అనాలి. కానీ నాకు ఆ ఆఫీసరు నవ్వు ముందే కనిపించింది. సాయంత్రానికి ఈ మాట ఉప్పల్ చేరుతుంది. కారు దానంతటదే వేడెక్కుతుందని చెప్పిన సైంటిస్టుగా రిటైరయ్యేదాకా మిగిలిపోతాను.

"లేదేమోనండి. నేనే పొరబడి ఉంటాను" అన్నాను.

ఆయన నా వైపూ, గుమ్మం వైపూ చూశాడు. ఏదో అర్థమైనట్టు తల ఊపాడు. "అద్దె ఇంటివాళ్ళతో మొహమాటాలు ఉంటాయి లెండి. మీది మంచి మనసు" అని ఫైలు మూసేశాడు. నా మొదటి మాటే నిజమని, ఇప్పుడు మొహమాటానికి వచ్చానని ఆయన అనుకున్నాడు. నేను కాదనలేదు.

గేటు బయటికి వచ్చాక సత్తయ్య ఆగాడు. అంత కోపం ఆయన మొహంలో నేను అంతకు ముందు చూడలేదు.

"గట్లెందుకన్నరు సార్? వేడున్నది గద. మీరు సూసిన్రు, నేను సూసిన. ఉన్నదాన్ని లేదంటరా?"

కారెక్కమన్నాను. అక్కర్లేదన్నాడు. రోడ్డు దాటి, మౌలాలి వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ఫ్యాక్టరీకి ఉత్తరం రాయడం, చించడం. అంకెలతో సహా మొత్తం రాసి పంపేసరికి కొత్త డ్రైవరు ఖాయమైపోయాడు. జవాబు కూడా రాలేదు. సత్తయ్య కీసర వైపు కంకర లారీ మీద చేరాడని వాళ్ళ అన్న చెప్పాడు. నేను మళ్ళీ నాగారం వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజు పొద్దున ఇంజను చల్లగా ఉంది. ఆ తర్వాత ఎప్పుడూ వేడెక్కలేదు. ఎందుకు మొదలైందో, ఎందుకు ఆగిందో తెలియదు. ఎండాకాలంలో బోడుప్పల్ ఆయన ఒకరికి కారు అమ్మేశాను. మరుసటి చలికాలంలో ఆయన కనిపిస్తే ఎలా ఉందని అడిగాను. "పొద్దున్నే అరగంట తోస్తే గానీ లేవదండీ, ఇలాంటిది అంటగట్టారేమిటి" అని నా మీద ఎగిరాడు. నాకు తెలిసిన వాళ్ళందరినీ, పేర్లు చెప్పకుండా, ఎవరికో జరిగినట్టు చెప్పి అడిగాను. ఒక ఇంజనీరు పేడ వేడి అన్నాడు. ఒకాయన థర్మామీటరు చెడిపోయిందన్నాడు. రెండు థర్మామీటర్లు ఒకేసారి, ఒకేలా చెడిపోతాయా?

దెయ్యం అని మాత్రం నేను అనను. అది చెప్పేందుకు నా దగ్గర ఏ కొలతా లేదు. నా దగ్గరున్నవి పదకొండు ఉదయాల అంకెలు, అంతే. ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. ఇక తెలుస్తుందన్న ఆశ కూడా లేదు. కానీ ఆ రోజు ఆ గదిలో నన్నడిగింది అది కాదు. ఎందుకు వేడెక్కిందని ఎవరూ అడగలేదు. వేడిగా ఉందా లేదా అని అడిగారు. గుమ్మం దగ్గర ఒక మనిషి నిలబడి నా జవాబు కోసం చూస్తున్నాడు.

ఉంది. వేడిగా ఉంది. చెయ్యి పెడితే కాలేంత వేడిగా ఉంది.